చేతులు వెనక్కి

“తలుపు తీసేదాకా మేం ఇక్కణ్ణుంచి కదలం ఆంటీ,” అన్నాడు, స్నేహితులంతా పొడుగు అని పిలిచే అబ్బాయి.

అన్నాక కూర్చోవడానికి చోటు వెతుక్కున్నాడు. మా హాల్లో ఏ కుర్చీ అయినా అతని కాళ్ళకి చిన్నదే. చివరికి గోడకి ఆనుకుని నేలమీద చతికిలబడి, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకున్నాడు.

గంట అనే పిల్ల కూర్చోలేదు. మా అమ్మాయి గది తలుపు ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడింది. ఆ పిల్ల మామూలుగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది. క్లాసులో ఆ పేరు అందుకే పెట్టారట. ఇప్పుడు మామూలుగా మాట్లాడటం లేదు.

“రేపు నువ్వు రాకపోతే నువ్వొక్కదానివే పోవు, నలుగురం పోతాం. ఈ ఏడాదికి వార్డు మొహం చూడం. వింటున్నావా?”

“వింటోంది,” అన్నారు మా అత్తగారు హాల్లో మంచం మీంచి. “ఫ్యాను ఆపేసింది. వినాలనుకున్నప్పుడే ఆపుతుంది కందిరీగ.”

మనవరాలికి ఆ పేరు పెట్టింది ఆవిడే. స్నేహితులు కూడా అదే ఖాయం చేసుకున్నారు.

మూడో అబ్బాయి ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు. చెప్పులు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టి, మళ్ళీ వంగి వాటిని గోడవైపు జరిపాడు. అతన్ని నత్త అంటారు. అతను కాదనడు. అతని కళ్ళద్దాలకి ఒక పక్క దారం చుట్టి ఉంది. పొద్దున విరిగాయి. విరగ్గొట్టింది మా అమ్మాయి.

వచ్చీ రాగానే ముగ్గురూ చెప్పారు, ఒకరి మాటని ఇంకొకరు తోసేసుకుంటూ. రెండుసార్లు చెప్పించుకుంటే గానీ నాకు వరస తెలియలేదు.

వీళ్ళది విశ్వవిద్యాలయంలో నర్సింగ్ మూడో సంవత్సరం. రోగుల దగ్గరికి పంపేముందు నలుగురేసి పిల్లల్ని జట్టు కడతారు. ఒక గదిలో మంచం మీద రబ్బరు బొమ్మని పడుకోబెట్టి, దాని గుండె ఆగిపోయిందంటారు. ఒకరు ఛాతీ నొక్కాలి. ఒకరు మూతికి మాస్కు పెట్టి సంచితో గాలి పట్టాలి. ఒకరు గడియారం, మందులు, షాక్ యంత్రం చూసుకోవాలి. నాలుగోవాళ్ళు లీడర్. లీడర్ మంచానికి కాళ్ళవైపు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఎవరేం చెయ్యాలో చెప్పాలి. బొమ్మని ముట్టుకోకూడదు. మార్కులు విడివిడిగా రావు. నలుగురికీ కలిపి ఒకటే.

మా అమ్మాయి లీడర్. నత్త ఛాతీ నొక్కుతున్నాడు.

“లెక్క తప్పలేదు ఆంటీ,” అంది గంట. “గడియారం నా చేతిలోనే ఉంది. వీడు సరిగ్గానే నొక్కుతున్నాడు. ఇది ‘గట్టిగా, ఇంకా గట్టిగా’ అంది. ఉన్నట్టుండి వచ్చి వీణ్ణి ఒక్క తోపు తోసి తనే మొదలుపెట్టింది.”

“నేను సెలైన్ స్టాండుకి తగిలాను,” అన్నాడు నత్త. “స్టాండు నాకు తగల్లేదు.”

“జోకులెయ్యకురా! నేను టైమ్ చెప్తున్నా, పొడుగు గాలి పట్టాలా అని అడుగుతున్నాడు, తల ఎత్తదే! మేడమ్ విజిల్ ఊదినా ఆపలేదు. మేడమే వచ్చి చేతులు పట్టుకోవాల్సొచ్చింది.”

“ఏమన్నారు మేడమ్?” అడిగాను.

పొడుగు గొంతు సన్నగా చేశాడు. “‘బొమ్మ బతికిందేమో గానీ, జట్టు పోయిందమ్మా.’”

రేపు మధ్యాహ్నం ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఆ తర్వాత లేదు.

నా తరగతిలోనూ పిల్లల్ని గుంపులుగా కూర్చోబెడతాను. పటం గియ్యమంటే చురుకైన పిల్ల పెన్సిలు లాక్కుంటుంది. మిగతావాళ్ళు బల్లకింద కాళ్ళతో తన్నుకుంటారు. చివరికి పటం బాగానే వస్తుంది. ఒక్కరికే వస్తుంది.

అందుకని గంట కోపం నాకు అర్థమైంది. మా అమ్మాయి మౌనమే అంతుపట్టలేదు.

“వద్దంటే మాననివ్వండర్రా,” అన్నారు అత్తగారు.

“అత్తయ్యా!”

“ఏం, తప్పేముంది? ఇంట్లో చూసింది చాలదా? గుండె ఆగిన బొమ్మని రోజూ ముందేసుకుని కూర్చోవాలా అది?”

గంట చేతులు నడుం మీంచి కిందికి జారాయి.

“అంకుల్‌కి గుండెపోటని తెలుసు నానమ్మగారూ,” అంది. అంత చిన్న గొంతు ఆ పిల్ల దగ్గర ఉందని నాకు తెలియదు. “ఆ టైమ్‌లో ఇది...”

“ఇదే ఉంది. వాళ్ళమ్మ బళ్ళో ఉంది. దీనికి సెలవలు. అంబులెన్స్ వచ్చేదాకా ఈ హాల్లోనే, నువ్వు నిలబడ్డావే, అక్కడే, ఒక్కతే నొక్కింది.”

గంట ఒక అడుగు పక్కకి వేసింది. వేశాక, అలా వేసినందుకు సిగ్గుపడి తల దించుకుంది.

“మాకు చెప్పలేదు,” అన్నాడు పొడుగు.

“మీరు అడిగారా?” అని అత్తగారు.

“అడిగాం. ‘పోయారు’ అంది. తర్వాత ఏం అడగాలో మాకు తెలీలేదు.”

నాకూ తెలియలేదు. ఆయన పోయాక నాలుగు నెలలుగా ఒకే ఇంట్లో ఉంటూ, కూరలో ఉప్పు గురించీ బట్టలు ఆరడం గురించీ మాట్లాడుకుంటున్నాం. ఆ రోజు సంగతి నేను ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. అది మర్యాద అనుకున్నాను.

నత్త మెల్లగా లోపలికి వచ్చాడు. తలుపు వంక చూశాడు. తట్టలేదు.

“ఆంటీ, మీ ఇంట్లో గట్టి పరుపు గానీ బాలీసు గానీ ఉందా?”

“ఎందుకు బాబూ?”

“రేపు పరీక్ష కదండీ. వచ్చాం కాబట్టి ప్రాక్టీస్ చేసుకుంటాం. తను వచ్చినా రాకపోయినా మా ముగ్గురి పనీ మాకు రావాలి కదా.”

అత్తగారు దిగ్గున లేచి కూర్చున్నారు. “బాలీసు ఎందుకు, నేను పడుకుంటాను. నా మీద చేసుకోండి.”

“వద్దు నానమ్మగారూ, పక్కటెముకలు విరుగుతాయి.”

“ఇప్పుడు మాత్రం ఏం గట్టిగా ఉన్నాయని!”

పొడుగు నవ్వాడు. నవ్వి, గది వైపు చూసి ఆపుకున్నాడు. అత్తగారు తలవైపు ఉన్న పెద్ద బాలీసుని లాగి, “ఇదిగో మీ రోగి. పేరు అడక్కండి, చెప్పే స్థితిలో లేడు,” అని విసిరారు.

బల్ల పక్కకి జరిపారు. బాలీసుని హాలు మధ్య పడుకోబెట్టారు. గాలి సంచి బదులు ప్లాస్టిక్ సీసా. షాక్ యంత్రం బదులు నా ఇస్త్రీపెట్టె.

“దాన్ని ప్లగ్‌లో మాత్రం పెట్టకండి,” అన్నాను.

“లీడర్ ఎవరు?” అంది గంట.

“ఇవాళ్టికి నేను,” అని పొడుగు లేచి బాలీసు కాళ్ళవైపు నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తల పైకప్పు దీపానికి తగిలింది. “ఊఁ. పేషెంట్‌కి ఊపిరి లేదు. గుండె ఆగింది. నత్తా, నొక్కు.”

“నొక్కుతున్నాను,” అన్నాడు నత్త.

అదీ వాళ్ళ పద్ధతట. ఎవరికి చెప్తే వాళ్ళు ఆ మాటే తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పకపోతే వినలేదని లెక్క.

“ఆ పద్ధతి ఈ ఇంట్లో ఉంటే ఎంత బావుండేది,” అన్నారు అత్తగారు. “కాఫీ అని అడిగితే ‘కాఫీ తెస్తున్నాను’ అనేవాళ్ళు.”

“గంటా, టైమ్ చూడు.”

“టైమ్ చూస్తున్నా.”

“గాలి... గాలి ఎవరు పడతారు? ముగ్గురమే ఉన్నాం కదా. అయ్యో. సరే, ఎవరైనా గాలి పట్టండి.”

నత్త నొక్కుతూ గంట వంక చూశాడు. గంట గడియారం పట్టుకుని నత్త వంక చూసింది. సీసా నేలమీద అలాగే ఉంది. పొడుగు మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా.

“ఎవరైనా పట్టండర్రా!”

గది గడియ తీసిన చప్పుడైంది.

మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టు ఒక పక్కకి అణిగిపోయింది. పొద్దుటి తెల్ల చొక్కాతోనే ఉంది.

“ఎవరైనా అనకు,” అంది.

పొడుగు చేతులు విడిపోయాయి. “అదీ... గాలికి మనిషి లేక...”

“లేకపోతే నీ దగ్గరున్న మనిషినే పిలువు. వేలు పెట్టి చూపించి పిలువు. ఎవరైనా అంటే ఎవరూ కాదు.”

“సరే, అననులే. ఇంతోటి దానికి అంత కోపం ఎందుకు?”

“నేను అన్నాను కాబట్టి.”

గుమ్మాన్ని పట్టుకుని ఉంది. దాని వేళ్ళకొసలు తెల్లబడటం నాకు కనిపించింది.

“నాన్న కింద పడగానే కేకలేశాను. వీధిలో వాళ్ళంతా వచ్చారు. ఆ వీధి గుమ్మం నిండా మనుషులు. నేను నొక్కుతూ, తల ఎత్తకుండా, ‘ఎవరైనా ఫోన్ చెయ్యండి’ అన్నాను. మళ్ళీ అన్నాను. అందరూ విన్నారు. అందరూ పక్కవాళ్ళు చేస్తారనుకున్నారు. చాలాసేపటికి ఎదురింటి టైలర్ వచ్చి ‘బండి ఇంకా రాలేదేం, ఎవరు చేశారు’ అని అడిగాడు. అప్పుడు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనే చేశాడు.”

ఇది నాకు తెలియదు.

బండి ఆలస్యంగా వచ్చిందని తెలుసు. దారిలో రద్దీ అనుకున్నాను. అలాగే అందరికీ చెప్పాను కూడా.

“నేనూ ఉన్నాను గుమ్మంలో,” అన్నారు అత్తగారు. గొంతులో హాస్యమేమీ మిగల్లేదు. “ఫోను నా మొలలోనే ఉంది. వాడి మొహం చూస్తూ నిలబడిపోయాను.”

“నానమ్మా, నిన్ను అనలేదు.”

“అనాల్సింది. ఆ రోజే, ‘నానమ్మా, నువ్వు చెయ్యి’ అని అనాల్సింది. చేసేదాన్ని.”

“అదే కదా నేను చెప్తున్నది!” అంది మా అమ్మాయి. అని, ఏడుపు ఆపుకోవడానికి పైకప్పు వంక చూసింది.

నేను వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టాను. వెలిగించడం మర్చిపోయి నిలబడ్డాను. కాసేపటికి మా అమ్మాయి వచ్చి, నా పక్కనుంచి చెయ్యి పెట్టి పొయ్యి వెలిగించింది.

“ఏమీ అనవా అమ్మా?”

మాటలు వెతుక్కున్నాను. పిల్లలకి పాఠం చెప్పే మనిషిని. ఒక్క వాక్యం కుదుర్చుకోవడానికి నీళ్ళు మరిగేంతసేపు పట్టింది.

“నీ చేతులు ఖాళీగా లేవు,” అన్నాను. “గుమ్మంలో ఉన్నవాళ్ళ చేతులన్నీ ఖాళీగానే ఉన్నాయి.”

అది తల అడ్డంగా ఊపింది.

“వాళ్ళకి ఎవరూ నేర్పలేదమ్మా. నాకు నేర్పారు. రెండో ఏడాదిలోనే నేర్పారు. పరీక్షలో రాశాను కూడా.”

తల్లిగా ఒక సాకు అందించాను, అది పుచ్చుకోలేదు. చేతిలో పెట్టినదాన్ని మర్యాదగా తిరిగి ఇచ్చేసింది. నొప్పిగానే ఉంది. కానీ దానితోపాటు ఇంకొకటి కూడా కలిగింది. పరీక్షలో పక్కవాడి పేపరు కనిపిస్తున్నా తల తిప్పుకుని కూర్చున్న పిల్లని చూసినప్పుడు నాకు కలిగేది అదే.

“డాక్టరు ఏమన్నాడో చెప్పనా?” అన్నాను. “ముందొచ్చినా చెప్పలేం అన్నాడు. బతికేవాడనలేదు, బతకడనీ అనలేదు.”

“తెలుసు.”

“తెలిసే ఇన్నాళ్ళూ...”

“తెలియకపోతే నయమే.”

టీ గ్లాసులు అదే అందుకుంది. హాల్లోకి వెళ్ళి ముందు నత్తకి ఇచ్చింది.

“కళ్ళద్దాలు...” అంది.

“దారం బాగా ఆగింది.”

“నిన్ను తొయ్యడం తప్పు.”

“తప్పే,” అన్నాడు నత్త, టీ ఊదుకుంటూ. “నేను సరిగ్గా నొక్కుతున్నాను. అది నువ్వు చూడలేదు. అదే నాకు కోపం. పడినందుకు కాదు.”

అతనికి కోపం వస్తుందని అప్పటిదాకా వాళ్ళెవరికీ తెలిసినట్టు లేదు. పొడుగు గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

“చూడలేదు,” అంది మా అమ్మాయి. “నాకు నువ్వు కనిపించలేదు. బొమ్మ కూడా కనిపించలేదు.”

“రేపు కనిపించాలి.”

“కనిపించకపోతే?”

“నన్ను పిలువు. నేను పలుకుతాను. పలకకపోతే అప్పుడు తొయ్యి.”

గంట పెద్దగా ముక్కు చీదింది. “ఇంక చాల్లే, అందరూ ఏడిపించేస్తున్నారు. లేవండి. కందిరీగా, కాళ్ళవైపు నిలబడు. చేతులు వెనక్కి.”

నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. బాలీసు మీద నత్త నొక్కడం మొదలుపెట్టగానే ఆ చేతులు ముందుకి వచ్చేశాయి.

“చేతులు!” అంది గంట.

మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి.

“చేతులు!”

“నాకు తెలియకుండానే వస్తున్నాయి! నేనేం చెయ్యను?”

“తాడుతో కడదామా?” అన్నాడు పొడుగు.

అత్తగారు మంచం దిగి, మోకాళ్ళు పట్టుకుని వచ్చి, కుర్చీ ఒకటి దాని వెనకాల వేయించుకుని కూర్చున్నారు. మనవరాలి రెండు మణికట్లూ పట్టుకున్నారు.

“ఇప్పుడు చెప్పవే. నోరు ఖాళీగానే ఉందిగా. ఎప్పుడూ ఊరుకోని నోరేగా.”

“నానమ్మా, రేపు నువ్వు రావు కదా అక్కడికి.”

“రేపటి సంగతి రేపు. ఇప్పుడు చెప్పు.”

అలా ఆ సాయంత్రం మా హాల్లో బాలీసు చాలాసార్లు చచ్చి బతికింది. నేను బల్ల దగ్గర పిల్లల పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చున్నాను. ఒక్క పేపరూ దిద్దలేదు. “గంటా, మందు సిద్ధం చెయ్యి.” “మందు సిద్ధం చేస్తున్నా.” “పొడుగూ, ఛాతీ లేస్తోందా?” “లేస్తోంది.” “నత్తా, ఇంకొంచెం లోతుగా.” “లోతుగా నొక్కుతున్నాను.” పిలవడం, పలకడం. చాలా రోజుల తర్వాత ఆ హాల్లో అంత మంది గొంతులు.

చీకటి పడే వేళకి అత్తగారు మనవరాలి చేతులు వదిలేసి కుర్చీలోనే కునుకు తీశారు. అది గమనించలేదు. చేతులు వెనకాలే ఉన్నాయి.

*

మర్నాడు మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాను. అత్తగారి హుకుం అది. “నువ్వు కూడా వెళ్ళు అమ్మాయ్. దారిలో వెనక్కి తిరిగొచ్చేస్తుందేమో.”

వెనక్కి తిరగలేదు. దారి పొడవునా నా కంటే రెండడుగులు ముందే నడిచింది.

మేడమ్ చిన్నగా, సన్నగా ఉన్నారు. మెడలో విజిల్. నన్ను చూసి, “టీచర్‌గారా? అద్దం వెనకాల కూర్చోండి. పిల్లలకి మీరు కనిపించరు, మీకు అన్నీ కనిపిస్తాయి, వినిపిస్తాయి,” అన్నారు. “ఏడవకూడదు, తలుపు కొట్టకూడదు. ఓ తండ్రి కొట్టాడు ఒకసారి.”

అద్దానికి అవతల తెల్లటి గది. మంచం మీద బొమ్మ. దాని తల దగ్గర చిన్న దీపం. నొక్కిన లోతు సరిపోతే పచ్చగా, చాలకపోతే పసుపుగా వెలుగుతుందని మేడమ్ చెప్పారు.

నలుగురూ వరసగా నిలబడ్డారు. మా అమ్మాయి మంచం కాళ్ళవైపు వెళ్ళి చేతులు వెనక్కి కట్టుకుంది. రాత్రి నిద్రపోయినట్టు లేదు, కానీ నిటారుగా ఉంది.

“నువ్వు కాదు,” అన్నారు మేడమ్, ఆ గదిలోకి వెళ్ళి.

“మేడమ్?”

“ఇవాళ లీడర్ ఇతను.” వేలు నత్త వైపు ఉంది. “ఛాతీ నువ్వు నొక్కు.”

గంట ఉండబట్టలేకపోయింది. “మేడమ్, మేం అలా ప్రాక్టీస్ చెయ్యలేదు!”

“పేషెంట్ కూడా ప్రాక్టీస్ చేసుకుని రాడమ్మా. ఎవరి స్థానాల్లో వాళ్ళు ఉండండి.”

నేను కుర్చీలోంచి సగం లేచాను. మేడమ్‌కి తెలియదు. ఆ చేతులు చివరిసారి నిజంగా ఎవరి ఛాతీ మీద పెట్టిందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. వెళ్ళి ఒక్క మాట చెప్తే ఆపేస్తారు. దయగా ఆపేస్తారు.

అద్దంలోంచి చూశాను. పొడుగు, గంట, నత్త ముగ్గురూ దాని వంకే చూస్తున్నారు. వాళ్ళకి తెలుసు. వాళ్ళూ నోరు విప్పలేదు. అది చెప్పమంటుందేమోనని ఎదురుచూస్తున్నారు.

అది మంచం పక్కకి వెళ్ళి నిలబడింది.

నేను కూర్చున్నాను.

విజిల్ మోగింది.

నత్త ఎప్పటిలాగే వెంటనే మాట్లాడలేదు. ముందు బొమ్మ వంక, తర్వాత ముగ్గురి వంక ఒక్కసారి చూశాడు. “ఊపిరి లేదు. నాడి లేదు. కందిరీగా, ఛాతీ నొక్కు.”

దాని పెదవులు కదిలాయి, మాట రాలేదు. చేతులు బొమ్మ మీద పెట్టింది. పెట్టి ఆగిపోయింది.

“కందిరీగా,” అన్నాడు నత్త మళ్ళీ, గొంతు పెంచకుండా. “ఛాతీ నొక్కు.”

“నొక్కుతున్నాను.”

దీపం పచ్చగా వెలిగింది.

“గంటా, టైమ్.” “చూస్తున్నా.” “పొడుగూ, గాలి.” “పడుతున్నా.” ఎంత నెమ్మదిగా చెప్తాడో ఆ అబ్బాయి! నెమ్మదిగా చెప్పడం వల్ల ఎవరూ తొట్రుపడటం లేదు. ఒక మాట పూర్తిగా అందాకే రెండో మాట. ముప్పై నొక్కులకి ఒకసారి ఆగడం, రెండుసార్లు గాలి, మళ్ళీ నొక్కులు. షాక్ ఇచ్చేముందు “అందరూ చేతులు తియ్యండి” అన్నాడు. తర్వాత పేరు పేరునా అడిగాడు, తీశారా అని. తీశాం అన్నారు ముగ్గురూ.

మళ్ళీ నొక్కడం మొదలైంది. నాకు దాని వీపే కనిపిస్తోంది. భుజాలు లేచి పడుతున్నాయి. జుట్టు మొహానికి అంటుకుంది. అలా ఎంతసేపు చేసిందో ఆ రోజు. నేను చూడని ఆ రోజుని, గాజుకి ఇవతల కూర్చుని, ఇప్పుడు చూస్తున్నాను.

దీపం పసుపుకి మారింది. పచ్చ. మళ్ళీ పసుపు.

అది గమనించలేదు. చేతులు ఆడుతూనే ఉన్నాయి.

“కందిరీగా, లోతు తగ్గుతోంది. పొడుగూ, నువ్వు నొక్కడానికి సిద్ధంగా ఉండు.”

“సిద్ధంగా ఉన్నా,” అన్నాడు పొడుగు, అవతలి పక్క మోకాలు మంచానికి ఆనించి.

“నాకు అలుపు రాలేదు,” అంది మా అమ్మాయి.

“దీపం పసుపుగా ఉంది.”

“అలుపు రాలేదు అంటున్నానుగా!”

మేడమ్ చెయ్యి విజిల్ మీదికి వెళ్ళింది. పొద్దుట్నుంచీ నేను అనుకుంటున్నదంతా, నిన్న సాయంత్రం ఆ పిల్లలు కట్టిందంతా, ఆ రెండు చేతుల మీద ఆగి ఉంది.

నత్త మంచం దగ్గరికి రాలేదు. చేతులు వెనకాలే ఉన్నాయి. తల కొంచెం వంచి, దాని మొహంలోకి చూశాడు.

“నీకు రాలేదు. సరే. నాకు ఇక్కణ్ణుంచి దీపం కనిపిస్తోంది, నీకు కనిపించట్లేదు. కందిరీగా, మారు. పొడుగూ, నువ్వు నొక్కు.”

“నొక్కుతున్నా,” అన్నాడు పొడుగు. కానీ చేతులు పెట్టడానికి అతనికి చోటు లేదు. ఆ చోట్లో మా అమ్మాయి చేతులున్నాయి.

ఒక నొక్కు. ఇంకొకటి. ఇంకొకటి.

“మారుతున్నాను,” అంది.

చేతులు తీసింది. తీసీ తియ్యగానే పొడుగు చేతులు అక్కడ ఉన్నాయి. ఒక్క నొక్కు కూడా తప్పలేదు. దీపం పచ్చగా వెలిగింది.

అది ఒక క్షణం రెండు అరచేతులూ చూసుకుంది. తర్వాత ఎవరూ చెప్పకముందే బొమ్మ తల దగ్గరికి వెళ్ళి, సంచి అందుకుని, నత్త వంక చూసింది.

“గాలి పట్టనా?”

“కందిరీగా, గాలి పట్టు.”

“గాలి పడుతున్నాను.”

ఏడవకూడదన్నారు మేడమ్. నేను ఏడవలేదు. బళ్ళో ఎంతో మంది పిల్లలు మొదటి బహుమతులు తెచ్చుకున్నారు, చప్పట్లు కొట్టాను. ఈ పిల్లకీ కొట్టాను చాలాసార్లు. ఒక పని వదిలిపెట్టినందుకు ఒళ్ళంతా పులకరించడం మాత్రం ఇదే మొదలు. ఆయన ఉంటే పక్క కుర్చీలోంచి మోచేత్తో పొడిచేవారు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

మేడమ్ విజిల్ ఊదారు. బొమ్మ బతికిందో లేదో ఎవరూ అడగలేదు.

“పాస్,” అన్నారు మేడమ్. “నలుగురూ.”

గంట వేసిన కేక ఆ అంతస్తంతా వినిపించి ఉంటుంది. పొడుగు నత్తని ఎత్తి తిప్పాడు. దారం తెగి కళ్ళద్దాలు ఎగిరిపడ్డాయి. ఈసారి మా అమ్మాయి వాటిని గాల్లోనే పట్టుకుంది.

అది నవ్వడం చూశాను. పళ్ళు కనిపించేలా.

“ఆగండి, ఆగండి,” అన్నారు మేడమ్. “వచ్చే వారం నుంచి మీకు వార్డు. నలుగురికీ ఒకచోటే. పెద్దాసుపత్రి, అత్యవసర విభాగం.”

నవ్వు ఆ మొహం మీదే నిలిచిపోయింది, దీపం ఆరిపోయాక కాసేపు కళ్ళల్లో వెలుగు ఉన్నట్టు.

ఆయన్ని తీసుకెళ్ళింది అక్కడికే. ఆ తలుపుల దగ్గరే దాని చేతుల్లోంచి స్ట్రెచర్ తీసుకున్నారు. అక్కడి బల్లమీదే కూర్చుని, నేను వచ్చేదాకా, ఒక్కతే ఉంది.

“ఏమైంది?” అన్నారు మేడమ్, వాళ్ళ మొహాలు చూసి. “వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి. పిల్లల వార్డులో చోటుంది. కానీ అత్యవసర విభాగంలో నేర్చుకున్నంత అక్కడ నేర్చుకోలేరు. మీలాంటి జట్టుకి నేను అదే ఇస్తాను.”

గంట దాని వంక చూడలేదు. పొడుగు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఇద్దరూ ఎంత కష్టపడుతున్నారో తెలుస్తోంది. అత్యవసర విభాగం కోసం ఆ గంట రెండేళ్ళుగా కలలు కంటోందని నిన్న టీ తాగుతూ చెప్పింది.

నేను తలుపు తీసుకుని నడవాలోకి వచ్చాను. నలుగురూ అప్పటికే అక్కడ, కిటికీ పక్కన చేరారు. తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. గంట గొంతు కూడా నాకు వినిపించలేదు.

దగ్గరికి వెళ్ళబోయాను. ఏం చెప్పాలో ఒక వాక్యం సిద్ధం చేసుకున్నాను కూడా. వద్దు తల్లీ, పిల్లల వార్డుకే వెళ్ళండి, అని.

అది నన్ను చూసింది. గుంపులోంచి బయటికి రాలేదు. గంట భుజం మీద చెయ్యి తియ్యకుండానే, తల మాత్రం నా వైపు తిప్పింది. కళ్ళు తడిగా ఉన్నాయి. గొంతు మాత్రం స్థిరంగా ఉంది.

“అమ్మా, నువ్వు ఇంటికి వెళ్తూ ఉండు,” అంది. “మేం ఇంకా తేల్చుకోలేదు.”